‘వాడుకున్నాను గానీ తినలేదు’: నేరానికి ముందు మనసు చెప్పుకునే మాట

పెద్దవాళ్ళు ఏడవడం నేను మొదటిసారి చూసింది మా ఇంటి అరుగు మీదే. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఏడ్చిన మనిషి మా నాన్నకంటే నాలుగేళ్ళు చిన్న, నాన్నని అన్నయ్యా అని పిలిచేవాడు, నాకు బాబాయ్ వరస. పక్క ఊరి సహకార సంఘంలో గుమాస్తా. ఆ రోజు పొద్దున ఆడిట్‌కి వచ్చినవాళ్ళు చిట్టా, ఆవర్జా, రసీదు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. భోజనాల వేళకి సంగతి తేలిపోయింది. రైతులు అప్పు వాయిదాలు కట్టారు. బాబాయ్ రసీదులు రాసిచ్చాడు. మూడేళ్ళుగా ఆ డబ్బులో కొంత బ్యాంకుకి చేరడం లేదు. చీకటి పడ్డాక మా ఇంటికొచ్చాడు. అమ్మ ఇచ్చిన మంచినీళ్ళు ముట్టుకోలేదు. నాన్న చెయ్యి పట్టుకుని ఒకటే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు: “అన్నయ్యా, వాడుకున్నాను గానీ తినలేదు.”

అప్పుడు నాకది సాకులా వినిపించింది. పట్టుబడ్డవాడు ఏదో ఒకటి అంటాడు కదా అనుకున్నాను. మనుషులు నేరాలు ఎందుకు చేస్తారన్న ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెట్టాక, చాలా ఏళ్ళకి అర్థమైంది. ఆ మాట పట్టుబడ్డాక పుట్టింది కాదు. సొరుగులోంచి మొదటి నోటు తియ్యకముందే పుట్టింది. అది పుట్టకపోతే ఆ నోటు సొరుగు దాటేదే కాదు.

ఈ సంగతిని పట్టుకున్నవాడు డొనాల్డ్ క్రెస్సీ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త. 1950 ప్రాంతంలో ఆయన ఇల్లినాయ్, కాలిఫోర్నియా, ఇండియానా జైళ్ళకి వెళ్ళి, నమ్మి అప్పజెప్పిన సొమ్ము కాజేసి శిక్ష పడ్డ వందమందికి పైగా ఖైదీలతో విడివిడిగా మాట్లాడాడు. వీళ్ళు కన్నం వేసే దొంగలు కారు. నలుగురూ నమ్మబట్టే గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాళ్ళు. క్రెస్సీ పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. ఒక ఊహ పెట్టుకుంటాడు. అది ఒక్క ఖైదీ కథకి సరిపోకపోయినా దాన్ని పక్కన పడేసి మరో ఊహతో మళ్ళీ మొదటికి వస్తాడు. అలా వడపోయగా ఆయనకి చివరికి మూడు మిగిలాయి. ఎవరితోనూ చెప్పుకోలేని ఇబ్బంది ఒకటి. చేతిలో ఉన్న సొమ్ముతో దాన్ని చాటుగా తీర్చుకోవచ్చని తట్టడం రెండోది. ఆ తీసుకోవడాన్ని తన దృష్టిలో తను దొంగ కాకుండా ఉండేలా పిలుచుకోగలిగే ఒక మాట మూడోది.

మొదటిదాంట్లో బరువంతా ‘చెప్పుకోలేని’ అనే మాట మీద ఉంది. డబ్బు అవసరం అందరికీ ఉంటుంది. ఇరవై వేలు తక్కువ పడితే ఒకడు బావమరిదిని అడుగుతాడు, ఇంకొకడు భార్య గాజులు తాకట్టు పెడతాడు. అడిగితే పరువు పోతుందనుకునేవాడికి ఆ రెండు తలుపులూ మూసుకుపోతాయి. బాబాయ్ ఇబ్బంది పెద్దమ్మాయి పెళ్ళి. ఒప్పుకున్న కట్నంలో కొంత తక్కువ పడింది. ఊళ్ళో ఆయనకి ఏ లోటూ లేదని పేరు. సంఘంలో గుమాస్తా అంటే పదిమంది అప్పు కోసం తన దగ్గరికి వచ్చేవాళ్ళే, తను ఎవరి దగ్గరికి పోతాడు? ఆ వారం రైతులు కట్టిన వాయిదాల డబ్బు సొరుగులో ఉంది. నెలాఖరు దాకా బ్యాంకులో వేసే పని లేదు. ఈలోగా తనకి రావలసిన మిరపకాయల డబ్బు వచ్చేస్తుంది. అంటే, ఆయన లెక్కలో అది చేబదులు.

మన భాషలో ఉన్న ఒక చిన్న సౌకర్యం గురించి ఇక్కడ చెప్పాలి. తీసుకున్నాను, వాడుకున్నాను, సర్దుకున్నాను. ఆ ‘కున్నాను’ తగలగానే పని మెత్తబడిపోతుంది. ఎవరి దగ్గర్నుంచి అన్నది వాక్యంలోంచి జారిపోతుంది. క్రెస్సీ కలిసిన ఖైదీలు ‘అప్పుగా తీసుకున్నాను’ అన్న భావాన్ని పట్టుకుని వేళ్ళాడితే, మనవాళ్ళు ‘వాడుకున్నాను’ పట్టుకుంటారు. చిట్టీల వాళ్ళైతే ‘రొటేషన్’ అంటారు. ఆ మనిషి అబద్ధం చెబుతున్నాననుకోడు. తిరిగి పెట్టేద్దామనే తీస్తాడు. మొదటిసారి చాలామంది పెట్టేస్తారు కూడా. ప్రమాదమంతా అక్కడే ఉంది, ఎందుకంటే మొదటిసారి సవ్యంగా జరిగిపోవడమే రెండోసారికి ధైర్యం ఇస్తుంది.

ఇది పల్లెటూరి సొరుగుకే పరిమితం అనుకుంటే పొరపాటు. 2009 జనవరి 7న హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ బి. రామలింగరాజు తన బోర్డుకి ఒక ఉత్తరం రాశారు. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలైతే, అందులో 5,040 కోట్లు లేనే లేవని ఒప్పుకున్నారు. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలల్లో నిర్వహణ లాభం 649 కోట్లని ప్రకటించారు. నిజంగా వచ్చింది 61 కోట్లు. ఆ సెప్టెంబరులోనే ఆ కంపెనీకి, పాలన బాగా సాగిస్తున్నందుకు, గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. అంతకుముందు 108 అంబులెన్సు సేవ మొదలుపెట్టిన మనిషిగా ఆయన పేరు ఇంటింటా తెలుసు.

ఆ ఉత్తరం పత్రికల్లో వచ్చిన రోజు అందరం అంకెలు చూశాం. ఈ వ్యాసం కోసం దాన్ని మళ్ళీ చదివితే నాకు అంకెలకంటే వాక్యాలు ఎక్కువ కనబడ్డాయి. అసలు లాభానికీ పుస్తకాల్లో చూపినదానికీ మధ్య మొదట ఉన్నది స్వల్పమైన తేడా అంటారు. అది ఏళ్ళ తరబడి పెరుగుతూ పోయిందంటారు. ఫలితాలు బాగా లేకపోతే కంపెనీని ఇంకెవరైనా హస్తగతం చేసుకుంటారనీ, అప్పుడు ఆ తేడా బయటపడుతుందనీ భయపడ్డామంటారు. పులి మీద స్వారీ చేస్తున్నట్టుంది, దాని నోట పడకుండా ఎలా దిగాలో తెలియలేదంటారు. ఇది క్రెస్సీ చెప్పిన ‘ఎవరితోనూ చెప్పుకోలేని ఇబ్బంది’, అచ్చంగా. మొదటి త్రైమాసికంలో వాటాదారులతో చెప్పుకుంటే షేరు పడిపోయేది, అంతే. చెప్పుకోకుండా ఉన్న ప్రతి మూడు నెలలకీ చెప్పుకోవలసింది పెరిగింది.

అదే ఉత్తరంలో ఇంకో మాట ఉంది. తానుగానీ మేనేజింగ్ డైరెక్టరుగానీ కంపెనీ నుంచి ఒక్క రూపాయి కూడా తీసుకోలేదని. 2014లో షేర్ మార్కెట్‌ని అదుపుచేసే సంస్థ సెబీ ఆ మాటతో ఏకీభవించలేదు. అక్రమంగా లాభపడ్డారంటూ 1,849 కోట్లు వడ్డీతో సహా కట్టమని ఆదేశించింది. తర్వాతి ఉత్తర్వుల్లో ఆ మొత్తం తగ్గింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చి, ఏడేళ్ళ శిక్ష వేసింది. నెల దాటగానే అప్పీలులో శిక్ష నిలుపుదలై బెయిలు వచ్చింది. చట్టం సంగతి చట్టం చూసుకుంటుంది. నాకు మాత్రం ‘ఒక్క రూపాయి తీసుకోలేదు’ అన్న మాట చదవగానే మా అరుగు కనబడింది. వేల కోట్ల దగ్గరా వేల రూపాయల దగ్గరా మనసు వెతుక్కున్న మాట ఒక్కటే: వాడుకున్నాను గానీ తినలేదు.

1957లో గ్రెషమ్ సైక్స్, డేవిడ్ మాట్జా అనే ఇద్దరు ఈ మాటల మీదే ఒక వ్యాసం రాశారు. అంతదాకా చాలామంది నమ్మింది ఏమిటంటే, నేరం చేసే కుర్రవాళ్ళకి మంచీచెడ్డా అంటే వేరే లెక్క ఉంటుందని, వాళ్ళ లోకమే వేరని. ఈ ఇద్దరూ అది కుదరదన్నారు. నిజంగా వేరే లోకమైతే పట్టుబడ్డప్పుడు సిగ్గెందుకు? తమ తల్లిని ఎవరైనా మోసం చేస్తే కోపమెందుకు? వాళ్ళకీ మనందరి నీతే ఉంది. కాకపోతే ఆ నీతిని ఆ కాసేపు పక్కకి తప్పుకోమనడానికి కొన్ని మాటలు నేర్చుకుంటారు. ‘నా చేతుల్లో ఏముంది, పరిస్థితి అలాంటిది.’ ‘వాళ్ళకేం పోయింది, అంత పెద్ద కంపెనీ.’ ‘వాడికి అలా జరగాల్సిందే.’ ‘చెప్పొచ్చారు, ముందు పోలీసులు శుద్ధంగా ఉన్నారా?’ ‘నాకోసమా చేసింది, పిల్లల కోసం.’ వాళ్ళు లెక్కగట్టిన ఐదు రకాలూ ఇవే. తెలుగులో ఇవి వినడానికి జైలుకి పోనక్కర్లేదు, ఏ ఆఫీసు వరండాలో నిలబడ్డా వినబడతాయి.

మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా దీన్ని ఇంకా ముందుకి తీసుకెళ్ళాడు. మనిషి తన అంతరాత్మని ఒక మీటలాగా ఆపుకోగలడని ఆయన వాదన. ఆపడానికి పనికొచ్చే సాధనాల్లో ముఖ్యమైనది పేరు మార్చడం. దీనికి ప్రపంచంలో ఎవరూ మనకంటే మంచి ఉదాహరణ చూపించలేరని నా నమ్మకం. లంచాన్ని మనం ‘మామూలు’ అంటాం. ఆ మాటని ఒక్కసారి నెమ్మదిగా పలికి చూడండి. చట్టం దేన్ని నేరమంటోందో దానికి మనం పెట్టుకున్న పేరుకి అర్థం ‘ఎప్పుడూ జరిగేదే’ అని. ఇచ్చేవాడి చెయ్యీ వణకదు, పుచ్చుకునేవాడి చెయ్యీ వణకదు. 1961 నుంచీ కట్నం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ నేరమే. మనం ‘లాంఛనాలు’ అంటున్నాం, ‘పిల్ల పేరు మీద పెడుతున్నాం’ అంటున్నాం. బాబాయ్ మొదటిసారి సొరుగు తెరిచింది ఆ లాంఛనాల కోసమే. ఆ పెళ్ళిలో భోంచేసిన మేమంతా ఒక నేరాన్ని లాంఛనం అనుకోగలిగినప్పుడు, ఇంకొక నేరాన్ని చేబదులు అనుకోవడం ఆయనకి ఎంతసేపు?

పేరు మార్చడం తర్వాత పద్దులు సరిచెయ్యడం వస్తుంది. 1974లో కార్ల్ క్లాకర్స్ అనే పరిశోధకుడు దొంగసొత్తు కొని అమ్ముకునే ఒక వ్యాపారి జీవితం దగ్గరుండి చూసి రాశాడు. ఆ వ్యాపారి తన మంచి పనులు ఒకవైపు, చెడ్డవి ఒకవైపు వేసుకుని, మొత్తమ్మీద నేను మంచివాణ్ణే అని తేల్చుకునేవాడు. బాబాయ్ ఆ మూడేళ్ళూ శ్రీరామనవమి పందిరికి చందా పెంచుతూ వచ్చాడు. అప్పట్లో దాన్ని భక్తి అనుకున్నాం. భక్తి కాదని ఇప్పుడూ అనను. పద్దు సరిచేసుకుంటున్న మనిషికి తను పద్దు సరిచేసుకుంటున్నానని తెలియదు.

ఇలా రాస్తుంటే ఆయన్ని వెనకేసుకొస్తున్నానని అనిపించవచ్చు. కాబట్టి రెండో రోజు సంగతి కూడా చెప్పాలి. కట్టేసిన అప్పుకి మళ్ళీ నోటీసులు అందుకున్న రైతుల్లో ఒక ముసలమ్మ ఉంది. ఎకరంన్నర పొలం, భర్త లేడు. ఆమె మా ఇంటికే వచ్చింది, బాబాయ్ ఇక్కడున్నాడని ఎవరో చెబితే. చీర చెంగున వేసిన ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన రసీదు తీసింది. మడతల దగ్గర కాగితం చిరిగిపోయి, ఇంకు చెమటకి అలుక్కుపోయి ఉంది. “ఇది నువ్వు రాసిందేనా నాయనా?” అంది. తిట్టలేదు. ఆడిటరు ముందు గంటసేపు లెక్కలు చెప్పగలిగిన మనిషి ఆమె ముందు తలెత్తలేదు. మూడేళ్ళూ ఆయన మనసులో ఆ డబ్బు ‘సంఘం డబ్బు’. సంఘానికి మొహం లేదు. ఆ చిరిగిన రసీదు కళ్ళబడ్డాక ‘వాడుకున్నాను’ అన్న మాట ఆయన నోట మళ్ళీ నేను వినలేదు. ఇవాళ ఫోన్లో తియ్యటి మాటలతో ఖాతాలు ఖాళీ చేసే ముఠాల పని సులువు కావడానికి, సాంకేతికతతో పాటు ఇదీ ఒక కారణమని నాకనిపిస్తుంది. అవతల ఉన్నది మనిషి కాదు, పది అంకెల నంబరు.

అయితే మన ఊళ్ళలో నేరం గురించి మనం నమ్మే సిద్ధాంతం ఇది కాదు. మనది సామెతలోనే ఉంది: పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. నేరం రక్తంలో ఉంటుందని. మాది బాపట్ల వైపు. చిన్నప్పుడు చీరాల నుంచి రైల్లో వస్తుంటే ఒక స్టేషను దగ్గరపడగానే పెట్టెలో పెద్దవాళ్ళు సంచులు కాళ్ళ మధ్యకి లాక్కునేవాళ్ళు. “జాగ్రత్త, స్టువర్టుపురం వస్తోంది.” మా బాబాయ్ కూడా లాక్కునేవాడు. రైలు నిమిషం ఆగి కదిలాక అందరూ కాళ్ళు వదులు చేసుకునేవాళ్ళు. ప్లాట్‌ఫారం మీద నేను చూసింది బుట్టలు పట్టుకున్న ఆడవాళ్ళనీ బడిపిల్లలనీ.

ఆ భయం ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే ఇటలీ దాకా పోవాలి. చెసారే లాంబ్రోజో అనే వైద్యుడు ఒక ఖైదీ పుర్రె కోసి చూసినప్పుడు, వెనక అడుగుభాగాన మామూలుగా ఉండని ఒక చిన్న గుంట కనబడింది. నేరస్థుడంటే పరిణామంలో వెనకబడిపోయి పుట్టిన ఆదిమ మనిషి అని ఆయన అక్కడే తేల్చేసుకున్నాడు. పెద్ద దవడలు, పొడుగు చేతులు, చెవుల ఆకారం, ఇలా గుర్తుల పట్టీ తయారుచేసి 1876లో పుస్తకం వేశాడు. యూరప్ ఊగిపోయింది. ఇంగ్లండులో చార్లెస్ గోరింగ్ అనే జైలు వైద్యుడు మూడువేలకి పైగా ఖైదీలని కొలిచి, సైనికులతో విద్యార్థులతో పోల్చి చూసి, అలాంటి ప్రత్యేకమైన నేరస్థుల శరీరం అంటూ ఏదీ లేదని 1913లో ప్రకటించాడు. సిద్ధాంతం కూలిపోయింది, అక్కడ.

ఇక్కడ మాత్రం అదే ఊహ అంతకుముందే చట్టమైపోయింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టు దొంగ కొడుకు దొంగ అవుతాడు, కాబట్టి కొన్ని కులాలని పుట్టుకతోనే నమోదు చెయ్యాలని దాని వెనక వాదం. 1911లో సవరించి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. ఎరుకల వాళ్ళు అందులో పడ్డారు. వాళ్ళు తరతరాలుగా గాడిదల మీదా ఎద్దుల మీదా తీరం నుంచి ఉప్పు, లోపలి నుంచి ధాన్యం మోసి అమ్ముకున్నవాళ్ళు. రైలుమార్గాలు, ఉప్పు మీద ప్రభుత్వ ఆంక్షలు ఆ వ్యాపారాన్ని చంపేశాయి. అడవి చట్టాలొచ్చి బుట్టల వెదురుకీ పశువుల మేతకీ అడ్డం పడ్డాయి. బతుకు పోగొట్టిన ప్రభుత్వమే, బతుకు లేక తిరుగుతున్నవాళ్ళని నేరస్థ జాతి అంది. 1913-14 ప్రాంతంలో, గోరింగ్ అక్కడ లెక్క తేల్చిన రోజుల్లోనే, మద్రాసు ప్రభుత్వంలోని అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ నడిపే స్టువర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. హాజరు పలకాలి. ఊరు దాటాలంటే పాసు కావాలి. ఏ తప్పూ చెయ్యని పిల్లవాడు కూడా ఆ హాజరు పట్టీలోకే పుట్టాడు.

ఒక మనిషిని చిన్నప్పట్నుంచీ దొంగ అంటూ ఉంటే ఏమవుతుంది? నేరశాస్త్రంలో దీనికి ముద్ర సిద్ధాంతమని పేరు. ముద్ర పడ్డాక పని ఇచ్చేవాడుండడు. ఎక్కడ ఏం పోయినా పోలీసు తలుపు తడతాడు. దొంగ అనిపించుకుంటూనే పస్తులుండటం తప్ప, దొంగ కాకపోతే దక్కేదేమీ ఉండదు. ఆ ఊరివాళ్ళు కొందరు నిజంగానే దొంగతనాలు చేశారు, దాన్ని దాచనక్కర్లేదు. రక్తానికీ దానికీ సంబంధం ఎంతో తర్వాతి కథే చెబుతుంది. దేశమంతటా ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. 1970లలో విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి లవణం, జాషువా గారి కుమార్తె హేమలతా లవణం ఆ ఊరికి వెళ్ళి, ఇళ్ళల్లో కూర్చుని, దొంగతనం మానాలనుకున్నవాళ్ళకి పని, చదువు, లొంగిపోయే దారి చూపించారు. చాలామంది మానేశారు. పుడకలదాకా ఆగలేదు వాళ్ళ బుద్ధి.

సంచులు కాళ్ళ మధ్యకి లాక్కున్న ఆ పెట్టెలో నిజంగా రైతుల డబ్బు తీసిన మనిషి నా పక్కనే కూర్చుని ఉన్నాడు. ఇది తల్చుకున్నప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది. దొరికినవాడే దొంగ, దొరకనివాడు దొర అని ఊరికే అనలేదు. నేరశాస్త్రం కూడా చాలాకాలం దొరికినవాళ్ళనే చదివింది. 1939లో ఎడ్విన్ సదర్లాండ్ అనే ప్రొఫెసరు లేచి, కంపెనీల్లో టైలు కట్టుకున్నవాళ్ళు చేసేవి కూడా నేరాలే, మీ సిద్ధాంతాల్లో పేదరికం తప్ప వాళ్ళు ఎక్కడున్నారని అడిగేదాకా ‘వైట్ కాలర్ నేరం’ అన్న మాటే లేదు. క్రెస్సీ ఆయన శిష్యుడు.

మరైతే మనుషుల మధ్య తేడాలే లేవా అంటే, ఉన్నాయి. 1945లో పుట్టి ఫిలడెల్ఫియాలో పెరిగిన 9,945 మంది మగపిల్లల పోలీసు రికార్డులు చూస్తే, మొత్తం నేరాల్లో సగానికి పైగా చేసింది కేవలం 627 మంది. నూటికి ఆరుగురు. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన 1,037 మంది పిల్లల్ని ఇప్పటికీ వెంబడిస్తున్నారు. చిన్నతనంలో ఆగలేకపోవడం, తొందరపాటు ఎక్కువగా ఉన్నవాళ్ళు 32 ఏళ్ళకి శిక్ష పడినవాళ్ళలో ఎక్కువగా తేలారు. ఆ పిల్లల్ని ఆధారం చేసుకుని టెర్రీ మాఫిట్ అనే మనస్తత్వవేత్త 1993లో చెప్పింది ఏమిటంటే, యవ్వనంలో దారితప్పే కుర్రవాళ్ళలో ఎక్కువమందికి అది వయసుతో వచ్చి వయసుతో పోతుంది. చిన్నప్పుడే మొదలై జీవితాంతం సాగేవాళ్ళు చాలా కొద్దిమంది. ఆ కొద్దిమంది వెనక కూడా మెదడు ఎదుగుదలలో లోటూ, కొట్టే ఇల్లూ, పట్టించుకోని బడీ కలిసే ఉంటాయి. విడివిడిగా ఏదీ తీర్పు కాదు.

టీవీలో మాటిమాటికీ వినబడే ‘సైకో’ గురించి కూడా ఒక్క మాట. మతిస్థిమితం తప్పడం వేరు, ఎదుటివాడి బాధ తనకి తగలని సైకోపతీ వేరు. మొదటి రకం జబ్బున్నవాళ్ళలో అత్యధికులు ఎవరికీ హాని చెయ్యరు. రెండూ కలిపి ఒకే పేరు పెట్టడం వల్ల, మందులు వేసుకుంటూ తమ మానాన బతుకుతున్నవాళ్ళు నానా అవస్థలూ పడుతున్నారు.

ఇంతదాకా చెప్పింది ఆలోచించుకుని, మాట కూర్చుకుని చేసే నేరం. కత్తి తీసే నేరం వేరు. అక్కడ మాట కూర్చుకునే వ్యవధే ఉండదు. 2022లో దేశంలో నమోదైన హత్యలు 28,522. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలో వాటికి అన్నిటికంటే పెద్ద కారణం తగాదాలు, 9,962. వ్యక్తిగత కక్షలు 3,761. లాభం కోసం చేసినవి 1,884. సినిమాలు మనకి చూపించే హంతకుడు, పథకం వేసి డబ్బు కోసం చంపేవాడు, ఈ పట్టీలో కింద ఉన్నాడు. పైన ఉన్నది గట్టు తగాదా, నీళ్ళ తగాదా, తాగిన మత్తులో నలుగురి ముందు ‘నువ్వెంతరా’ అన్న ఒక్క మాట.

షికాగోలో కుర్రవాళ్ళకి నేర్పే ఒక పాఠం ఉంది. పిల్లల్ని ఇద్దరిద్దరుగా నిలబెడతారు. ఒకడి పిడికిట్లో బంతి పెట్టి, రెండోవాడికి చెబుతారు: ముప్పై సెకన్లలో దాన్ని తీసుకో. వెంటనే చేతులు మెలిపెట్టుకోవడం, తోసుకోవడం, కిందపడి దొర్లడం. సమయం అయ్యాక గురువు అడుగుతాడు, “బంతి ఇమ్మని ఎవరైనా అడిగారా?” ఎవరూ అడిగి ఉండరు. అడిగినా ఇవ్వడు, పైగా నన్ను పిరికివాడనుకుంటాడు, అంటారు. అప్పుడు గురువు బంతి ఉన్నవాడి వైపు తిరుగుతాడు. అడిగితే ఇచ్చేవాడివా? ఇచ్చేవాణ్ణే, ఉత్త బంతేగా, అంటాడు వాడు. ఈ పాఠం ఉన్న శిక్షణని చీటీ వేసి కొందరికి ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా కొలిచి చూశారు. శిక్షణ నడుస్తున్న కాలంలో హింసకి సంబంధించిన అరెస్టులు 45 నుంచి 50 శాతం దాకా తగ్గాయి. నీతిపద్యాలేవీ చెప్పలేదు వాళ్ళకి. ఎదుటివాడి మనసులో ఏముందో నాకు ముందే తెలుసన్న నమ్మకాన్ని ఒక్క క్షణం ఆపి చూసుకోవడం నేర్పారు.

ఆలోచించి చూస్తే గట్టు మీద కత్తి తీసినవాడూ సొరుగు తెరిచిన గుమాస్తా అక్కడ ఒకటే. అడిగితే కాదంటారని ఇద్దరూ ముందే తేల్చేసుకున్నారు. బోస్టన్‌లో 1940ల నాటి 500 మంది నేరస్థ బాలుర ఫైళ్ళని రాబర్ట్ శాంప్సన్, జాన్ లాబ్ అనే పరిశోధకులు దశాబ్దాల తర్వాత దుమ్ము దులిపి, వాళ్ళలో కొందర్ని ముసలితనంలో వెతికి పట్టుకుని మాట్లాడారు. దారి మార్చుకున్నవాళ్ళ కథల్లో మళ్ళీ మళ్ళీ వచ్చినవి పెళ్ళి, నిలకడైన పని, సైన్యంలో ఉద్యోగం. సాయంత్రం ఏడింటికి రాకపోతే ఎక్కడికి పోయావని అడిగే మనిషి ఒకరుండటం.

బాబాయ్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు. ఇంటిస్థలం అమ్మి డబ్బంతా కట్టాడు, కేసు ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు నడిచింది. ముసలమ్మ అప్పు ముందుగా తీర్చాడు, ఆ రసీదు మీదే ‘చెల్లు’ అని రాయించి సంతకం పెట్టించుకుని వచ్చింది ఆమె.

ఆ మొదటి రాత్రి అరుగు మీద నాన్న తిట్టలేదు. చాలాసేపు ఊరుకుని, ఒక్కటే అడిగాడు.

“మొదటిసారి తీసినప్పుడే నాతో చెబితే నేను సర్దేవాణ్ణి కదరా. ఎందుకు చెప్పలేదు?”

బాబాయ్ కళ్ళు తుడుచుకుని, నిజంగానే అర్థంకానట్టు నాన్న మొహంలోకి చూశాడు.

“చెప్పడానికి అప్పటికి నేనేం చేశానన్నయ్యా?”